గొట్టం అమర్చాక మొదలయ్యే వైద్యం

నీటికాసులతో (గ్లాకోమా, అంటే కంట్లో నీరు పేరుకుని ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్న పసిబిడ్డ కంట్లో, ఆ నీటిని గొట్టం గుండా ఒక పలక దగ్గరికి పంపే, మదురైలో తయారయ్యే ఆరోల్యాబ్ పరికరాన్ని అమర్చిన తర్వాత, అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసింది ఐదారు వారాలు గడిచాక. ఆ పరికరంలో నీటి వేగాన్ని అదుపుచేసే కవాటం (వాల్వ్) ఉండదు. అందుకే శస్త్రవైద్యులు గొట్టాన్ని కరిగిపోయే దారంతో బిగించి కడతారు. కనుగుడ్డు మీద కుట్టిన పలక చుట్టూ పల్చని పొర ఏర్పడేందుకు ఆ వ్యవధి సరిపోతుంది. దారం కరగగానే నీరు గొట్టం గుండా ఆ పొరలోకి చేరి మెల్లగా ఇంకిపోవాలి. పొర సరిగా ఏర్పడకపోతే మాత్రం కంటి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, లోపలి పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. ఆ రోజుల్లో బిడ్డ ఎక్కడ ఉంటుంది? శస్త్రచికిత్స జరిగిన హైదరాబాద్‌కు దూరంగా, భూపాలపల్లి వైపు ఏదో ఊళ్లోనో, ఆసిఫాబాద్ దాటిన ఒక గూడెంలోనో.

ఇది మనకు దూరపు జబ్బు కాదు. పుట్టుకతో వచ్చే నీటికాసులు పాశ్చాత్య దేశాల్లో పది వేల జననాలకు ఒకటి లేదా అంతకన్నా తక్కువగా కనిపిస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అధ్యయనం సుమారు 3,300 జననాలకు ఒకటని తేల్చింది. చాలామంది పిల్లల్లో దీనికి మూలం సీవైపీ1బీ1 అనే జన్యువులోని లోపం. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే జబ్బు బయటపడుతుంది కనుక, మేనరికాలు ఎక్కువగా ఉన్నచోట ముప్పు పెరుగుతుంది. చేరడేసి కళ్లని ఇంట్లో అందరూ మురిసిపోయే బిడ్డ వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంటున్నా, కళ్ల వెంట ఊరికే నీరు కారుతున్నా, నల్లగుడ్డు మసకబారినా ఆలస్యం చేయకూడదు.

మొదటి చికిత్స గొట్టం కాదు. కంటి లోపలి నీరు బయటికి పోయేందుకు ఉండే, మూసుకుపోయిన సహజమైన దారిని తెరిచే శస్త్రచికిత్సే ముందు చేస్తారు. అది ఫలించనప్పుడు, లేదా శుక్లం తీసిన తర్వాత నీటికాసులు వచ్చినప్పుడు గొట్టం అవసరమవుతుంది. పసివాళ్ల కణజాలం చాలా వేగంగా మానిపోతుంది కనుక, కొత్తగా చేసిన దారి మచ్చకట్టి మూసుకుపోవడం వారిలో ఎక్కువ. గొట్టాల్లో మరో రకమైన, 1993లో వచ్చిన అహ్మద్ కవాటం దారం కరిగేదాకా ఆగనవసరం లేకుండా వెంటనే పనిచేస్తుంది. ఆరోల్యాబ్ పరికరం పలక 350 చదరపు మిల్లీమీటర్లు, ధర దిగుమతి పరికరాలకన్నా బాగా తక్కువ. పేద కుటుంబాలకు ఇది నిజంగా పెద్ద మేలు.

కానీ బిడ్డతోపాటు కన్నూ పెరుగుతుంది, గొట్టం ఉన్నచోటు మారుతుంది. దాని కొన నల్లగుడ్డు లోపలి పొరకు తగిలితే అక్కడి కణాలు నశిస్తాయి, అవి మళ్లీ పుట్టవు. పైపొర అరిగి గొట్టం బయటపడితే క్రిములు నేరుగా కంట్లోకి చేరతాయి. చిన్నపిల్లలకు మత్తు ఇస్తేనే ఒత్తిడి, నల్లగుడ్డు వెడల్పు, కనుగుడ్డు పొడవు సరిగా కొలవగలరు. ఆపైన కళ్లద్దాలు, మందగించిన కంటికి చూపు నేర్పేందుకు బాగున్న కంటికి కట్టే పట్టీ. ఇదంతా ఏళ్ల తరబడి సాగే పని. శస్త్రచికిత్స ఖర్చు ఎవరు భరించినా, ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లిరావడానికి అయ్యే ఖర్చూ, పోయిన కూలీ ఆ కుటుంబానివే.

ఇంత సున్నితమైన శస్త్రచికిత్సను, అనుభవం పోగైన కొద్ది కేంద్రాల్లోనే చేయాలన్న వాదన సరైనదే. అయితే తర్వాతి పరీక్షలన్నీ అక్కడే జరగాలన్న నియమమేమీ లేదు. వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ఎంజీఎం పెద్దాసుపత్రి ఉంది. పసిపిల్లలకు మత్తు ఇచ్చే నిపుణులకు, కంటి వైద్యులకు కలిపి నెలలో ఒక రోజు కేటాయించి, ఆ కొలతలను శస్త్రచికిత్స చేసిన వైద్యులకు పంపే ఏర్పాటు చేస్తే, ఉత్తర తెలంగాణలో చాలామంది పిల్లలు తక్కువ దూరంలోనే పరీక్ష ముగించుకుంటారు. పుట్టిన 42 రోజుల్లోపు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూసే పద్ధతి ఇప్పటికే ఉంది. నల్లగుడ్డును గమనించడం ఆమెకు నేర్పవచ్చు. గొట్టం అమర్చిన ప్రతి బిడ్డకూ దారం కరిగే వారం ఏ తేదీన మొదలవుతుందో ఊరి ఏఎన్ఎం రిజిస్టరులో టీకాల తేదీల పక్కనే రాసి ఉండాలి.