హేవలాక్ వంతెనపై విచారణ జరిపించాలి

రాజమండ్రి హేవలాక్ వంతెన మీద వెంటనే ఒక విచారణ కమిషన్ వేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. కూలిన వంతెనకి కమిషన్ గానీ, నిలబడ్డదానికి ఎందుకండీ అంటారేమో. కూలినవి ఎందుకు కూలాయో ఊళ్లో అందరికీ తెలుసు. అనుమానించాల్సింది నిలబడ్డవాటినే.

నేరం చిన్నది కాదు. 1897 నవంబరులో పని మొదలుపెట్టి, 1900 ఆగస్టుకల్లా దాని మీద రైలు నడిపేశారు. 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య అన్ని అంగలు, రెండున్నర కిలోమీటర్ల పైమాటే. కింద ఉన్నది పంటకాలవ కాదు, గోదారి. మధ్యలో వరదల కాలాలు వచ్చి పోయాయి. అయినా మూడేళ్లు నిండలేదు! మరి గడువు పొడిగింపు ఎప్పుడు అడిగారు? అంచనాలు సవరించడానికి తీరిక ఎక్కడిది? బిల్లులు రాలేదని కాంట్రాక్టరు అలిగిందెప్పుడు? మా ఊరి కాలవ మీద కల్వర్టుకి ఇది నాలుగో ఏడు. పైకి లేచిన ఇనపచువ్వలకి తీగ కట్టి పక్కింటివాళ్లు బట్టలారేసుకుంటున్నారు. పద్ధతి అంటే అదీ.

నిందితుల పక్షాన ఒక్క మాట చెప్పాలి. పని చూసిన ఇంజనీరు ఎఫ్.టి.జి. వాల్టన్. పేరు పెట్టింది మాత్రం మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్‌ది. ఈ ఒక్క విషయంలో మన సంప్రదాయానికి లోటు రానివ్వలేదు.

తర్వాత ఆ వంతెన దాదాపు 97 ఏళ్లు మద్రాసు–హౌరా లైను రైళ్లని మోసింది. 1974లో పక్కనే రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చినా దిగిపోలేదు. 1986 వరదకి లంకలన్నీ మునిగిపోతే, ఇది కాళ్లు తడుపుకుని నిలబడింది. ఆర్థిక లావాదేవీల మీద కూడా దృష్టి పెట్టాలి. రైలు గోదారి ఎక్కగానే జనం దండం పెట్టి కిటికీలోంచి చిల్లర విసిరేవారు. ఏళ్ల తరబడి ప్రజాధనం నేరుగా గోదాట్లో కలిసింది, మధ్యలో ఒక్క కమీషనైనా లేకుండా. ఇంత ఘోరం మరే ప్రాజెక్టులోనైనా విన్నామా?

1997లో మూడో వంతెన అందుబాటులోకి వచ్చాక దీనికి రైళ్లు ఆపేశారు. అసలు కథ అక్కణ్నుంచే. దీన్ని పర్యాటక కేంద్రం చేస్తామన్న మాట వినీ వినీ, అప్పట్లో ఉయ్యాల్లో ఉన్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకి అదే మాట చెబుతున్నారు. కట్టడానికి మూడేళ్లు చాలిన వంతెనని ఏం చేయాలో తేల్చుకోవడానికి పాతికేళ్లు చాలలేదు. రెండు జిల్లాల మధ్య ఉంది కదా, పాపం ఎటూ తేలట్లేదేమో అనుకునేవాణ్ని. 2022లో అవతలి గట్టునున్న కొవ్వూరుని కూడా తూర్పుగోదావరిలో కలిపేశారు. గోదారికి పడమటి గట్టు కూడా తూర్పే అయింది, ఆ సాకు కూడా పోయింది.

2025 జూన్‌లో అఖండ గోదావరి అనే పర్యాటక ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. అందులో ఈ వంతెన కూడా ఉంది. 2027లో పుష్కరాలు. అంటే ఆనాటికి చేతిలో రెండేళ్లు. శంకుస్థాపన నాడు ఆ 56 స్పాన్లూ ఒకదాన్నొకటి చూసుకుని ఏమనుకున్నాయో కమిషన్ వాంగ్మూలం తీసుకోవాలి. వాటికి రెండేళ్లంటే చాలా ఎక్కువ టైము. వాటి లెక్కలు వేరు.

కమిషన్ ఆఫీసు సరిగ్గా నది మధ్యలో, 28వ స్పాన్ మీద పెడితే బాగుంటుంది. గాలి బాగుంటుంది, అర్జీలు పట్టుకుని ఎవరూ అంత దూరం రారు. టీ, బజ్జీలు రాజమండ్రి వైపు నుంచి తెప్పించాలా కొవ్వూరు వైపు నుంచా అన్నది మొదటి సమావేశంలో తేల్చుకోవచ్చు. తేలకపోతే గడువు పొడిగించమని అడగొచ్చు.