షమొనీలో పరిగెత్తాలంటే ముందు బొస్సోన్ దారి పట్టండి

షమొనీ అంటే ఫ్రాన్స్‌లో మౌంట్ బ్లాంక్ శిఖరం కింద లోయలో ఉన్న ఊరు. మొన్న మా రన్నింగ్ గ్రూపులో ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అక్కా, జూన్‌లో షమొనీ వస్తున్నా. రెండు రోజులే టైం. వాచీలో దారి చూపించే బెస్ట్ రూట్ ఫైల్ ఏదైనా పంపు. కనీసం 2,000 మీటర్ల ఎలివేషన్ (ఎక్కే ఎత్తు) ఉండాలి, ఫోటోలు బాగా రావాలి." గంట తిరక్కముందే పదిమంది తలా ఒక ఫైలు పంపారు. చూస్తే అన్నీ ఒకటే దారి, యూటీఎంబీ అనే కొండ పరుగు రేసు చివరి భాగం. కింద ఇంకొకరు "ఇదొక్కటి చేస్తే చాలు, మిగతాదంతా టూరిస్టుల బాపతు" అని తీర్పు కూడా ఇచ్చేశారు. ఆ మాట చదివాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఫోన్లో సగం టైప్ చేసి చెరిపేశాను. తెల్లారాక కూర్చుని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నేను జెనీవాలో ఉంటాను, ఆరేళ్ళయింది. షమొనీ మాకు కారులో గంటకు కాస్త పైన. నెలకు రెండుసార్లయినా వెళ్తాను. ఆ లోయ నాకు పుట్టిల్లు కాకపోయినా దాని మీద ఎవరైనా చులకనగా మాట్లాడితే మనసుకు కష్టంగా ఉంటుంది.

ముందే చెబుతున్నా, యూటీఎంబీ మీద నాకు కోపం లేదు. 2003లో మొదలైన ఆ పరుగు ఏటా ఆగస్టు చివర్లో షమొనీ చర్చి ముందు చౌకులో బయల్దేరి, మౌంట్ బ్లాంక్ చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. 170 కిలోమీటర్లకు పైనే. ఎక్కే ఎత్తంతా కలిపితే దాదాపు 10,000 మీటర్లు. ఆఖర్న కుంటుకుంటూ వచ్చేవాళ్ళకు ఊరు ఊరంతా నిలబడి చప్పట్లు కొడుతుంటే నాకు ప్రతిసారీ కళ్ళనీళ్ళు తిరుగుతాయి. ఆ రేసుకు దణ్ణం పెడతాను. కానీ అది ఈ లోయకు నిన్నమొన్న వచ్చిన పండగ. ఆ దారుల్లో చాలా వాటిని అంతకు వందల ఏళ్ళ ముందే మనుషులు పని కోసం తొక్కారు. మేకల వెంట, ఎండుగడ్డి కోసం, కొండల్లో స్ఫటికాలు ఏరుకోవడానికి, ఆ తర్వాత దొరల సామాను మోయడానికి. మీరు "టూరిస్టుల బాపతు" అని పక్కన పెట్టేసిన కింది దారులే అసలు లోయ.

కాయే దారి చూడండి. ఊళ్ళోని మోంతాన్వేర్ రైలు స్టేషన్ వెనక నుంచి అడవిలోకి ఎక్కుతుంది. ఊరు 1,035 మీటర్ల ఎత్తున ఉంటే పైన మోంతాన్వేర్ 1,913 మీటర్లు. అంటే దాదాపు 880 మీటర్లు ఎక్కాలి. 1741లో విండమ్, పోకాక్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు ఇక్కడి రైతులను దారి చూపమని వెంటబెట్టుకుని మోంతాన్వేర్ ఎక్కారు. పైనుంచి ఆ మంచు ప్రవాహాన్ని చూసి, గాలికి అల్లకల్లోలమైన సరస్సు ఉన్నట్టుండి గడ్డకట్టినట్టు ఉందని విండమ్ రాశాడు. మేర్ ద గ్లాస్, అంటే మంచు సముద్రం అనే పేరు అలా నిలిచింది. 1909లో రైలు పైదాకా వచ్చేవరకూ జనాన్ని మోసుకెళ్ళింది కంచర గాడిదలు. ఇప్పటికీ ఆ దారి వంపుల్లో కొన్ని రాళ్ళు నున్నగా అరిగి ఉంటాయి, తడిస్తే బూటు జారుతుంది. నేను ఎక్కేటప్పుడు ప్రతి వంపు దగ్గరా లోపలి అంచున అడుగు వేస్తాను, అక్కడ మట్టి గట్టిగా ఉంటుంది. బరువు మోసే జంతువును నడిపినవాళ్ళు కూడా అలాగే లోపలివైపే తీసుకుని ఉంటారని నాకు అనిపిస్తుంది.

పైకి చేరాక గుండె బరువెక్కుతుంది. విండమ్ చూసిన సముద్రం అక్కడ లేదు. కింద ఎక్కడో బూడిద రంగు రాళ్ళగుట్టల కింద మంచు నక్కి ఉంటుంది. 1988లో గ్లేసియర్ (మంచునది) దగ్గరకు దింపే కేబుల్ కారు పెట్టినప్పుడు, దిగితే దాదాపు మంచు పక్కనే. తర్వాత ఏటేటా మెట్లు కడుతూ పోయారు, 500 దాటాయి. 2024లో కొత్త కేబుల్ కారు వచ్చేదాకా ఆ మెట్లే దిక్కు. వాటి పక్కన ఫలానా ఏట మంచు ఇంత ఎత్తున ఉండేదని బోర్డులు ఉండేవి. ఒక్కో బోర్డుకూ మధ్య ఎన్ని మెట్లో లెక్కపెట్టుకుంటూ దిగేదాన్ని. ఏ వాచీ చూపించని ఎలివేషన్ అది.

ఇదే గ్లేసియర్ ఒకప్పుడు ఊళ్ళ మీదికి వచ్చిందంటే నమ్మగలరా? షమొనీ నుంచి ఆర్వ్ నది పక్కనే లె ప్రా మీదుగా లె బ్వా అనే పల్లెకు చదునైన దారి ఉంది. పిల్లలు కూడా పరిగెత్తేయగలరు. 1644లో గ్లేసియర్ ఆ పల్లె గుమ్మం దాకా వచ్చింది. ఇళ్ళూ పొలాలూ పోతాయని భయపడిన జనం బిషప్‌ను పిలిపించుకున్నారు. షార్ల్ ద సాల్ అనే ఆయన సుమారు 300 మందితో ఊరేగింపుగా మంచు దాకా వెళ్ళి, వెనక్కి తగ్గమని ప్రార్థన చేశాడు. ఇప్పుడు ఆ పల్లెలో నిలబడితే గ్లేసియర్ కనిపించనే కనిపించదు. "ఫ్లాట్ రూట్, బోరు" అని మన గ్రూపులో రాసిన దారి ఇదే.

నేనేదో మొదటి రోజు నుంచే ఇవన్నీ తెలిసి పరిగెత్తానని అనుకోవద్దు. మొదటి ఏడాది ఆగస్టులో పెతి బాల్కోన్ స్యూద్ మీద వెళ్తున్నాను. షమొనీ నుంచి అర్జాంతియేర్ వైపు, లోయకు ఎండ పడే పక్కన, ఇళ్ళకు కాస్త పైగా అడవిలో సాగే దారి అది. చెవుల్లో పాటలు. ముందు ఒక పెద్దావిడ చేతికర్రతో నెమ్మదిగా నడుస్తోంది. పిలవకుండా, వేగం తగ్గించకుండా పక్కనుంచి దూసుకుపోయాను. ఆవిడ ఉలిక్కిపడి దారి దిగింది. చేతిలో డబ్బా ఒరిగి, ఏరుకున్న నల్లటి మిర్తీ పళ్ళు (అడవి బ్లూబెర్రీలు) నేలంతా దొర్లాయి. ఆగి, క్షమించమని అడిగి, ఏరడానికి కూర్చున్నాను. ఆవిడ తిట్టలేదు. నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పండూ ఊది డబ్బాలో వేసుకుంటూ, "ఈ దారిన నేను బడికి వెళ్ళేదాన్ని" అంది. అంతే. అప్పటి నుంచి నేను చెవుల్లో ఏమీ పెట్టుకోను. మనిషి కనిపిస్తే ఇరవై అడుగుల ముందే "బోన్‌జూర్" అంటాను. ఎదుటివాళ్ళు పక్కకు జరిగేదాకా నడుస్తాను. అలిపిరి మెట్ల మీద బిడ్డను ఎత్తుకుని ఎక్కుతున్న తల్లిని తోసుకుంటూ ఎవరైనా పరిగెత్తితే ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం మనకు యాప్ లెక్కపెట్టే సెగ్మెంట్ టైం, అంటే ఒక్కో దారి ముక్కకు పట్టిన సమయం, ముఖ్యమైపోతుంది.

ఇక బొస్సోన్. అసలు ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

లె బొస్సోన్ స్టేషన్‌లో దిగి గ్లేసియర్ వైపు అడవిలో ఎక్కితే ఒక దారి లా జోంక్సియోన్ అనే చోటు దాకా పోతుంది. ఎత్తు 2,589 మీటర్లు. స్టేషన్ నుంచి 1,500 మీటర్లకు పైగా ఎక్కాలి. ఎలివేషన్ అడిగావుగా తమ్ముడూ, నీ 2,000కు కాస్త తక్కువైనా ఇదిగో. ఎడమ పక్క బొస్సోన్ గ్లేసియర్, కుడి పక్క టాకొనా గ్లేసియర్, మధ్యలో కొండ వెన్నుపూసలాంటి గట్టు. 1786 ఆగస్టు 7 రాత్రి ఊరి డాక్టరు మిషెల్ పక్కార్, స్ఫటికాలు ఏరే జాక్ బల్మా ఈ గట్టు పైభాగంలోనే రాళ్ళ మధ్య పడుకుని, మర్నాడు సాయంత్రానికి మౌంట్ బ్లాంక్ ఎక్కారు. అప్పటిదాకా ఆ శిఖరం ఎక్కిన మనిషి లేడు. ఆ తర్వాత పేరంతా బల్మాకే పోయింది. డాక్టర్ని ఈడ్చుకుపోయినట్టు కథలు అల్లారు. ఊరి నడిబొడ్డున 1887లో పెట్టిన విగ్రహంలో బల్మా ఉన్నాడు, శిఖరానికి దారి కనిపెడితే బహుమతి ఇస్తానని ప్రకటించిన సొస్యూర్ ఉన్నాడు. పక్కార్ లేడు. ఆయనకు విగ్రహం రావడానికి 1986 దాకా పట్టింది, అంటే 200 ఏళ్ళు. షమొనీలో పొద్దున్నే పరుగు మొదలుపెట్టేముందు నేను ఆ రెండో విగ్రహం దగ్గరకు వెళ్ళి ఒక్క నిమిషం నిలబడతాను.

1820లో ఇంకో బృందం శిఖరానికి వెళ్తుంటే మంచు విరిగిపడి ముగ్గురు గైడ్లు పగుల్లో పడిపోయారు. మరుసటి ఏడే షమొనీ గైడ్లు సంఘం కట్టుకున్నారు. ఆ సంఘం ఇప్పటికీ నడుస్తోంది. గ్లేసియర్ కదిలే వేగాన్ని కొలిచిన ఫోర్బ్స్ అనే శాస్త్రవేత్త, సుమారు నలభై ఏళ్ళకు ఆ ముగ్గురూ కింద బయటపడతారని లెక్కగట్టి చెప్పాడు. 1861లో బొస్సోన్ గ్లేసియర్ అడుగున వాళ్ళ అవశేషాలు కనిపించాయి.

ఈ గ్లేసియర్ మనవాళ్ళను కూడా మోస్తోంది. 1950 నవంబర్ 3న బొంబాయి నుంచి వస్తున్న ఎయిరిండియా విమానం మలబార్ ప్రిన్సెస్ మౌంట్ బ్లాంక్ శిఖరానికి కాస్త కింద కొండను కొట్టుకుంది. 48 మంది పోయారు. ప్రయాణికుల్లో ఎక్కువమంది ఓడలో పనికి వెళ్తున్న మన దేశపు నావికులు. వాళ్ళ కోసం పైకి వెళ్ళిన రెనె పాయో అనే షమొనీ గైడ్ కూడా తిరిగి రాలేదు. మళ్ళీ 1966 జనవరి 24న కాంచన్‌జంగా అనే విమానం దాదాపు అదే చోట. 117 మంది. హోమీ భాభా అందులోనే ఉన్నారు. రెండు విమానాలూ దిగాల్సింది జెనీవాలో. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రతిసారీ నేను దిగేది అక్కడే. కిటికీలోంచి ఆ తెల్లటి శిఖరం కనిపించినప్పుడల్లా నాకు ఈ రెండు తేదీలూ గుర్తొస్తాయి.

అప్పటి నుంచి ఆ మంచు ఒక్కొక్కటీ కిందికి తెస్తూనే ఉంది. 2012లో మన విదేశాంగ శాఖ తపాలా సంచి దొరికింది. 2020లో, గ్లేసియర్ దగ్గర చిన్న కాఫీ హోటల్ నడిపే ఒకాయనకు 1966 జనవరి నాటి మన దేశపు ఇంగ్లీషు పత్రికలు దొరికాయి. మొదటి పేజీలో ఇందిరా గాంధీ ప్రధాని కాబోతున్న వార్త, ఇంకా చదవడానికి వీలుగా. పోయిన సెప్టెంబర్‌లో నేను కింద రాళ్ళ మధ్య నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు కాలి దగ్గర అరచెయ్యంత అల్యూమినియం రేకు కనిపించింది. అంచు చిరిగిపోయి ఉంది, ఒక పక్కన రివెట్ల చిల్లులు వరసగా. దేనిదో ఎవరు చెప్పగలరు? ముట్టుకుని, ఎక్కడున్నదాన్ని అక్కడే పెట్టేశాను. మీకూ ఏదైనా కనిపిస్తే బ్యాగులో వేసుకోకండి. అది ఎవరింటి మనిషిదో.

మన గ్రూపులో షమొనీ వచ్చినవాళ్ళు కనీసం ముప్పై మంది ఉంటారు. బొస్సోన్ ఫోటో ఒక్కటి కూడా నేను చూడలేదు. ఊరి పైనున్న ఎగ్వీ ద్యు మిది శిఖరానికి వెళ్ళే కేబుల్ కారు ఫోటోలు మాత్రం వందల్లో ఉన్నాయి. ఆ లెక్క చూస్తే నాకు బాధేస్తుంది, కోపం కూడా వస్తుంది.

తమ్ముడూ, నీకు విడిగా నాలుగు మాటలు. జూన్‌లో లాక్ బ్లాన్ అనే కొండ సరస్సు వైపు, గ్రాన్ బాల్కోన్ నోర్ అనే ఎత్తైన దారి మీద చాలా ఏళ్ళు మంచు కరగదు, వాలు మీద జారితే ఆపేది ఏదీ ఉండదు. పొద్దున్నే ఊళ్ళోని టూరిస్ట్ ఆఫీసులో దారి తెరిచిందో లేదో అడుగు. లా జోంక్సియోన్ పైభాగంలో కూడా మంచు ఉంటే అక్కడే వెనక్కి తిరిగిరా. గ్లేసియర్ మీద ఒక్క అడుగు కూడా వేయకు. మధ్యాహ్నం దాటితే ఉరుములు మొదలవుతాయి, ఆలోపే దిగిపోవాలి. బస చేసేచోట ఇచ్చే అతిథి కార్డుతో లోయలో రైలు ఉచితమేమో అక్కడే అడుగు. మొదటి రోజు పెతి బాల్కోన్ మీద అర్జాంతియేర్ దాకా పరిగెత్తి రైల్లో తిరిగి రావచ్చు.

రెండో రోజుకు నేనూ వస్తాను. ఏడింటికల్లా లె బొస్సోన్ స్టేషన్ బయట ఉంటాను. లీటరున్నర నీళ్ళు తెచ్చుకో, ఇడ్లీలు నేను తెస్తాను. గ్లేసియర్ కనిపించే మొదటి మలుపు దగ్గర ఇద్దరం కాసేపు ఆగుదాం, తర్వాత నీ ఇష్టం వచ్చినంత వేగంగా ఎక్కు.