మొహమాటం కూడా తొండే

పండగ సెలవుల్లో ఇంట్లో మూడు ముక్కలాట వేసుకున్నప్పుడు, బావగారు అప్పటికే బాగా పోగొట్టుకున్నారని తెలిసి, మంచి ముక్కలు పడినా పందెం పెంచకుండా షో అడిగేయడం మర్యాదగానే చెల్లుతుంది. అదే పని పోకర్ టోర్నమెంటులో చేస్తే దానికి సాఫ్ట్ ప్లే అని పేరు, శిక్ష కూడా ఉంటుంది. హైదరాబాద్ నుంచి నలుగురైదుగురు స్నేహితులు కలిసి గోవా క్యాసినోలకు వెళ్లి ఒకే టోర్నమెంటులో కూర్చునేటప్పుడు ముందుగా వదులుకోవలసింది ఈ మొహమాటాన్నే.

కారణం టోర్నమెంటు నిర్మాణంలోనే ఉంది. చిప్పులు (పందెం బిళ్లలు) అయిపోయినవారు ఒక్కొక్కరుగా లేచిపోతుండగా, చివరిదాకా నిలిచిన కొద్దిమందికే స్థానాన్ని బట్టి బహుమతి దక్కుతుంది. పదిహేనుమందికి బహుమతి ఉన్న పోటీలో పదహారుమంది మిగిలారనుకుందాం. చిప్పులు అడుగంటిన మిత్రుడిపై, చేతిలో బలమైన ముక్కలుండి కూడా, మీరు పందెం కాయకుండా చెక్ చేసి వదిలేస్తే అతడు బతికిపోతాడు. కాసేపటికి పక్క బల్ల మీద ఉన్న ఎవరో అపరిచితుడు పదహారో స్థానంలో వట్టి చేతులతో ఇంటిదారి పడతాడు. మీ దయకు మూల్యం చెల్లించిన ఆ మనిషి మీ ముక్కలను చూడనైనా చూడలేదు.

2001లో ఏర్పడిన టోర్నమెంటు డైరెక్టర్ల సంఘం రూపొందించిన నియమాల్లో చాలావాటి వెనుక ఉన్నది ఈ మూడో మనిషే. ఒకరు ఆల్ ఇన్ అయి (ఉన్న చిప్పులన్నీ పందెంలో పెట్టేసి), ఇక పందేలు లేవన్నప్పుడు ముక్కలన్నీ తిప్పి చూపించాలనడం, కావాలని ఓడి చిప్పులు చేతులు మార్చే కుమ్మక్కుకు అడ్డుకట్ట. ఒక చేతిని, అంటే ఒకరికి పంచిన ముక్కలను, ఒక్కరే ఆడాలి, సలహాలు కూడదు. ఆట నడుస్తుండగా ఏ భాషలు మాట్లాడవచ్చో కూడా ముందే ప్రకటిస్తారు. మనవాడికి తెలుగులో సరదాగా విసిరిన ఒక్క మాటైనా, అర్థంకాని మిగతావారికి అది రహస్య సంకేతమే.

పెద్ద చిప్పులను చిన్నవాటి వెనుక దాచడం, ముందుకు సగం చెయ్యి చాపి ఎదుటివాడి ముఖం చూసి వెనక్కి తీసుకోవడం వంటి యాంగిల్ షూటింగ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది తొండి అని చేసేవాడికీ తెలుసు.

మన నగరంలో చిక్కు వేరు. న్యాయ నివేదికల్లో 1968 నాటిదిగా కనిపించే సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించినా, తెలంగాణ 2017లో జూద నిరోధక చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలకూ వర్తింపజేసింది. 2025లో కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. ఈలోగా ఒక తరం పోకర్‌ను ఫోన్‌లోనే నేర్చుకుంది. అక్కడ వంతు రాకముందే ఆడడం కుదరదు, సమయం మించితే యంత్రమే ముక్కలు పడేస్తుంది. అంటే మర్యాదను సాఫ్ట్‌వేర్ పాటించింది, ఆటగాడు నేర్చుకోలేదు. (ఇందులో తప్పు పూర్తిగా ఆటగాడిదనీ అనలేం.) అసలు బల్ల దగ్గర ఆ పని మనుషులే చేయాలి. బహుమతులకు ఒక్క స్థానం దూరంలో ఎవరైనా ప్రతి చేతికీ కావాలని తాత్సారం చేస్తుంటే, అతడు వయసులో పెద్దవాడైనా, మనతో వచ్చినవాడైనా, అతడి నిర్ణయానికి గడువు లెక్కించే గడియారం పెట్టమని అడగాలి. మనం మొహమాటపడి కూర్చున్నంతసేపూ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే కట్టాల్సిన తప్పనిసరి పందేలు) పెరిగేది హాలులో ఉన్న అందరికీ.