కింది పేరా గారికి, చదివీ చదవని పాఠకుడు రాయు ఉత్తరం

మహారాజశ్రీ ఇంగ్లిష్ కాంప్రహెన్షన్ ప్యాసేజీ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఉత్తరం మర్యాద. నా కుశలం మీకెప్పుడూ పట్టలేదు. మీ కుశలం నాకు తెలిసే దారి లేదు. మీకు మొదలుండదు, చివరుండదు, రాసినవారి పేరుండదు. ఎక్కడినుంచో కత్తిరించి తెచ్చిన ఇరవై లైన్లు. నెత్తిన ఒక ఆజ్ఞ: కింది పేరాను చదివి ప్రశ్నలకు జవాబులు రాయుము. కాళ్ల దగ్గర ఐదు ప్రశ్నలు. హైస్కూల్లో అడుగుపెట్టిన రోజు నుంచి బయటపడే దాకా వారం వారం మీ దర్శనం చేసుకున్నాను. ఒకసారి తేనెటీగలై వచ్చారు, ఒకసారి ప్లాస్టిక్ కాలుష్యమై వచ్చారు, స్నేహం విలువై ఎన్నిసార్లు వచ్చారో లెక్కే లేదు. పరీక్షలో మీ పేరు అన్‌సీన్ ప్యాసేజ్. నేను మిమ్మల్ని చూడలేదన్నది అక్షరాలా నిజం. చూడకుండానే దాదాపు ప్రతిసారీ పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. ఆ గుట్టు ఇవాళ విప్పుతున్నాను. ఇచ్చిన మార్కులు ఇప్పుడు వెనక్కి లాక్కోలేరు కదా! ఒక పడవ సంగతి కూడా మీతో తేల్చుకోవాల్సి ఉంది. అది చివర్లో.

గుట్టు ఏమిటంటే, మిమ్మల్ని చదవకూడదు. ముందు ప్రశ్న చదవాలి. ప్రశ్నలో కాస్త లావుపాటి మాట ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకుని మీలోకి దిగాలి, అదే మాట ఎక్కడ కనబడితే అక్కడ ఆగాలి, ఆ వాక్యాన్ని ఫుల్‌స్టాప్ దాకా దించేయాలి. ‘వై’ అని అడిగితే ‘బికాజ్’ కోసం వెతకాలి. ‘వెన్’ అంటే అంకె కోసం. ‘హూ’ అంటే పెద్ద అక్షరంతో మొదలయ్యే మాట కోసం. ఇది నేను కనిపెట్టింది కాదు, క్లాసులోనే చెప్పారు, ‘టైమ్ సేవింగ్ టెక్నిక్’ అన్న పేరుతో. చదవడం అనే దండగ పని తప్పితే బోలెడు టైము మిగులుతుందని వారి భావం. మిగిలిన టైములో ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. నేను మార్జిన్‌లో పువ్వులు గీసేవాణ్ని.

ఈ విద్యకు పెద్దల ఆశీర్వాదం కూడా ఉందని తర్వాత తెలిసింది. 1903లో ఆండ్రూ ఇంగ్రహమ్ అనే ఆయన బొత్తిగా అర్థం లేని వాక్యం ఒకటి అల్లాడు: ‘ది గోస్టాక్ డిస్టిమ్స్ ది డోషెస్’. గోస్టాక్ అంటే జంతువో యంత్రమో, డోషెస్ అంటే తినేవో తొక్కేవో ఎవరికీ తెలియదు. అయినా అడిగి చూడండి. డోషెస్‌ను డిస్టిమ్ చేసేది ఎవరు? గోస్టాక్. గోస్టాక్ ఏం చేస్తుంది? డోషెస్‌ను డిస్టిమ్ చేస్తుంది. పాసివ్ వాయిస్‌లోకి మార్చుము. డోషెస్ గోస్టాక్ చేత డిస్టిమ్ చేయబడును. మూడుకు మూడు! పైగా ‘గుడ్’ అని ఎర్ర సిరా. ఆయన చూపించాలనుకున్నది వాక్య నిర్మాణం చేసే తమాషా. మేం దాన్ని ఐదేళ్ల కోర్సుగా పూర్తిచేశాం. పదో తరగతి దాటేసరికి నా తలలో తేనెటీగలూ లేవు, స్నేహం విలువా లేదు, డిస్టిమ్ అయిన డోషెస్ మాత్రం గుట్టలుగా ఉన్నాయి.

మీ వంశవృక్షం కూడా కొంత తవ్వాను. 1914, 15 ప్రాంతంలో అమెరికాలోని కాన్సాస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అనే విద్యావేత్తకు ఒక బాధ ఉండేది. ఒకే పేపరుకు ఒక్కో టీచరు ఒక్కోలా మార్కులు వేస్తున్నారు. ఈ గొడవ తీరడానికి, ఎవరు దిద్దినా ఒకే మార్కు వచ్చేలా, చకచకా దిద్దేసేలా, మౌనపఠనానికి ఒక పరీక్ష తయారుచేశాడు. అందులో ఒక ప్రశ్న నాకు ప్రాణం. నాలుగు జంతువుల పేర్లు: ఆవు, పులి, ఎలుక, తోడేలు. పొలంలో పనికొచ్చేదాని చుట్టూ గీత గీయాలి. ఆవు తప్ప మరోటి గీసేవాడు ఉండడు. అయినా ‘ఎవరికి పనికొచ్చేది సార్, పొలానికా, పాముకా?’ అని అడిగే తుంటరి ప్రతి క్లాసులో ఒకడు ఉంటాడు. పేరా నిజంగా అర్థమయ్యేది సాధారణంగా వాడికే. వాడికే సున్నా. దిద్దేవాళ్ల కష్టం తీర్చడానికి పుట్టిన పద్ధతి చదివేవాళ్ల మెదడు కొలిచే త్రాసు అయి కూర్చుంది. ఇందులో కెల్లీ గారి తప్పు పెద్దగా ఉందని అనుకోను. దిద్దడానికి నూరు పేపర్లు పెట్టుకుని కూర్చుంటే నేనైనా ఆవు చుట్టూనే తిరుగుతాను.

మీరు చెడ్డవారని కాదు నా ఫిర్యాదు. మీరు కొలుస్తారు. కొలవడమే నేర్పడమని మావాళ్లు అనుకున్నారు. అక్కడ వచ్చింది తంటా. డొలోరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు 1970ల చివర్లో అమెరికాలో నాలుగో తరగతి గదుల్లో కూర్చుని, గడియారం చూసుకుంటూ రీడింగ్ పాఠాలు గమనించారు. మొత్తం 4,469 నిమిషాలు. పేరాలోకి వెళ్లి అర్థాన్ని ఎలా పట్టుకోవాలో టీచర్లు నిజంగా నేర్పింది అందులో 20 నిమిషాలు. మిగతాదంతా చదివించడం, అడగడం, సరిచూడటం, వర్క్‌షీట్లు. అక్కడ నాలుగో తరగతి సంగతి అది. నా హైస్కూలు రోజుల్లో అలాంటి గడియారం పెట్టి ఉంటే 20 నిమిషాలు కూడా తేలేవా అని నాకు అనుమానం. ప్రశ్న వచ్చేది, జవాబు తప్పయ్యేది, ‘జాగ్రత్తగా చదవండ్రా’ అనేవారు. జాగ్రత్తగా అంటే ఎలా అన్నది మాత్రం సిలబస్ బయటి మాట.

కష్టమైన మాట వస్తే ఒక మంత్రం ఉండేది: ‘సందర్భాన్ని బట్టి ఊహించు’. ఊహిస్తాం. కానీ సందర్భం కూడా తెలియని మాటలతోనే కట్టి ఉంటే? హు, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో చూపించిందేమిటంటే, సాయం లేకుండా ఒక కథను హాయిగా చదువుకోవాలంటే అందులోని నూరు మాటల్లో 98 దాకా ముందే తెలిసి ఉండాలి. అంటే యాభై మాటలకు ఒక్క కొత్త మాట. మీలో, క్షమించండి, లైనుకు రెండు. దొంగను అడిగి దొంగ ఇల్లు కనుక్కోమన్నట్టు ఉండేది మా ఊహ.

ఇంకో ముచ్చట. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు 64 మంది పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన ఒక కథనం ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడ్డా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో దిట్టలైనా ఆట తెలియని పిల్లల కంటే బాగా అర్థం చేసుకున్నారు. ‘కాంప్రహెన్షన్ వీక్’ అని ప్రోగ్రెస్ కార్డులో రాసే ముందు ఎవరైనా ‘ఏ విషయంలో?’ అని అడిగి ఉంటే ఎంత బావుండేది! ఒక వారం తెరచాప పడవల పందెం మీద వచ్చారు మీరు. నేను చిత్తు. మరో వారం పిల్లి ప్రవర్తన మీద వచ్చారు. మా ఇంట్లో పిల్లి ఉంది. ఆ వారం నేను జీనియస్‌ని. రెండు ప్రోగ్రెస్ కార్డుల్లోనూ ఉన్నది నేనే.

సరే, మీరైనా కాగితం మీద కదలకుండా కూర్చుంటారు. మీ తమ్ముడున్నాడే, లిజనింగ్! వాడు గాలి. పట్టుకుందామంటే చేతికి చిక్కడు.

వాడి రాకకు పెద్ద హడావుడి. స్పీకరు వైరు వెతకాలి, కిటికీలు మూయాలి, ‘సైలెన్స్’ అని అరవాలి. ఆ అరుపులో మొదటి ప్రశ్న పోయేది. తర్వాత గుయ్యిమని ఒక చప్పుడు, ఆ వెంటనే ఇద్దరు మనుషులు. వీళ్లిద్దరికీ ఈ లోకంలో ఏ విషయమూ ఒక్కసారిగా తేలదు. ‘మంగళవారం కలుద్దామా?’ ‘సరే, మంగళవారం. అయ్యో ఆగు, ఆ రోజు డెంటిస్టు దగ్గరికి పోవాలి, గురువారం?’ ‘బుధవారమైతే ఇంకా మంచిది కానీ... సరే, గురువారమే.’ నాలుగు ఆప్షన్లలో మూడు వారాలూ ఉంటాయి. నాలుగోది ఆదివారం, దాన్ని ఎవరూ తలవలేదు, మా వెనక బెంచీవాడు తప్ప. నిజజీవితంలో ఇలా రోజులు మార్చే స్నేహితుడితో నేనైతే కలవడమే మానుకుంటాను.

స్పీకరు పాడైన రోజున టీచరే చదివేవారు. ఒక్కో మాటా విడివిడిగా, మధ్యలో ఊపిరి పీల్చుకుంటూ, కామా దగ్గర చూపుడు వేలు ఎత్తి మరీ. ఎంత బాగా అర్థమయ్యేదో! ఇంగ్లిష్ వచ్చేసిందనుకున్నాం. ఆ తర్వాత అసలు ఇంగ్లిష్‌వాడు మాట్లాడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ‘డిడ్ యూ’ అని మేం చెవులు రిక్కించి కూర్చుంటే వాడు ‘డిజ్జ’ అన్నాడు. ‘కుడ్ హావ్’ కోసం చూస్తుంటే ‘కుడవ్’ వెళ్లిపోయింది. కాగితం మీద చూపిస్తే అన్నీ మాకు తెలిసిన మాటలే. రోజూ చూసే మనుషులే ముసుగు వేసుకుని వీధిలో ఎదురైనట్టు.

ఇక్కడే నాకు బాగా కడుపు మండేది. పక్క పీరియడ్‌లో, అదే గదిలో, అదే బెంచీ మీద మాకు సంధులు నేర్పేవారు. ఉత్తునకు అచ్చు పరమైనపుడు సంధియగును. రాముడు, అతడు కలిస్తే రాముడతడు. మా, అమ్మ మధ్యలోకి యకారం దూరి మాయమ్మ. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. మాటలు పక్కపక్కన చేరితే అంచులు కరుగుతాయని, మధ్యలో కొత్త శబ్దం పుడుతుందని మా నోటికి, చెవికి పుట్టుకతోనే తెలుసు. ‘సీ ఇట్’ అన్నది ‘సీయిట్’ అయితే అది మన యడాగమానికి వేలు విడిచిన చుట్టమే కదా! ‘డూ ఇట్’ ‘డూవిట్’ అవుతుంది. ‘గ్రీన్ బుక్’లో నకారం బకారాన్ని చూసి మకారమై ‘గ్రీమ్ బుక్’ అనిపిస్తుంది. బలం లేని అచ్చులన్నీ అరిగిపోయి ‘అ’కు దగ్గరగా ఒక పొట్టి శబ్దంగా మిగులుతాయి. దానికి ష్వా అని పేరు, ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువగా వినబడే అచ్చు అదే. ఇదంతా రెండు పీరియడ్లలో చెప్పగల సంగతి. తెలుగు సారూ ఇంగ్లిష్ సారూ స్టాఫ్‌రూమ్‌లో పక్కపక్క కుర్చీల్లోనే కూర్చునేవారు. ఆ ఇద్దరి మధ్య సంధి కుదరలేదు.

బదులుగా జరిగింది ఇది. ఆడియో వేస్తారు. ‘మూడో బిట్ ఆన్సర్?’ ‘బి సార్.’ ‘కరెక్ట్. నాలుగు?’ బి అనకుండా సి అన్నవాడి చెవి ఏ మాట దగ్గర జారిందో ఎవరూ అడగరు. ఆ ముక్క వెనక్కి తిప్పి, నాలుగు మాటలు మళ్లీ వినిపించి, ‘ఇదిగో, ఇక్కడ కలిసిపోయాయి’ అని చూపిస్తే అయిపోయేది. జాన్ ఫీల్డ్ అనే భాషాబోధన నిపుణుడు ఏళ్ల తరబడి వాదిస్తున్నది ఇదే: లిజనింగ్ క్లాసు పేరుతో జరిగేది చాలావరకు పరీక్షే, తప్పు జవాబు ఎక్కడ పుట్టిందో వెతకడంలోనే అసలు పాఠం ఉంది. మీ తమ్ముడిని వెనక్కి తిప్పే బటన్ ప్రతి ప్లేయర్‌కూ ఉంటుంది. మా క్లాసులో దాని మీద రంగు కూడా చెరగలేదు.

తర్వాత్తర్వాత మీ ఇంటి పెద్దలను కూడా చూశాను. విదేశాలకు పోయేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో మీ తమ్ముడు ఒక్కసారే మాట్లాడతాడు, అరగంటలో నలభై ప్రశ్నలు. రెండోసారి అడిగే దిక్కు లేదు. మీరేమో గంటలో మూడు రూపాల్లో వచ్చి, ట్రూ, ఫాల్స్ చాలవన్నట్టు ‘నాట్ గివెన్’ అని మూడో దారి పెడతారు. అబద్ధమా, చెప్పలేదా అన్న తేడా మీద జీవితాలు నిలబెడతారు. ఒప్పుకుంటాను, ఆ నాట్ గివెన్ మాత్రం నాకు నచ్చింది. మీ కుటుంబం మొత్తంలో నిజాయితీగా పలికిన మాట అదొక్కటే.

ఇక పడవ సంగతి.

తొమ్మిదో తరగతిలో ఒక గురువారం మీరు ఎప్పటిలా రాలేదు. ఒక నది మీద పొగమంచుగా వచ్చారు. ఒక అమ్మాయి, వాళ్ల తాత పాత పడవ. తాడు తెగి పడవ ప్రవాహంలో పడింది. ఒడ్డు కనబడటం లేదు. ఆమె తెడ్డు వేయడం ఆపి చెవి రిక్కించింది. ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు. అంతే, అక్కడితో మీరు అయిపోయారు. కింద ప్రశ్నలు: పడవ రంగు ఏమిటి? పేరాలో ‘దట్టమైన’ అనే అర్థమిచ్చే పదమును గుర్తింపుము.

ఆ ఒక్కరోజు నేను ప్రశ్నలు ముందు చదవడం మర్చిపోయాను. మిమ్మల్నే చదివాను. లేచి నిలబడి ‘తర్వాత ఏమైంది సార్?’ అని అడిగాను. ‘అది ప్రశ్నల్లో ఉందా? కూర్చో’ అన్నారు. నాకెందుకో ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. 1984లో ప్యాలిన్‌సర్, బ్రౌన్ అనే ఇద్దరు, చదవడంలో వెనకబడిన ఏడో తరగతి పిల్లలకు వంతులవారీగా టీచరు పాత్ర ఇచ్చి నాలుగు పనులు చేయించారు. ప్రశ్న వేయాలి, సారం చెప్పాలి, అర్థం కానిది విడమరచుకోవాలి, తర్వాత ఏం జరుగుతుందో ఊహించాలి. వాళ్ల కాంప్రహెన్షన్ బాగా మెరుగుపడింది. నాలుగో పని చూశారా? నేను లేచి నిలబడి చేసింది అదే. దానికి నాకు దక్కింది ‘కూర్చో’.

పడవ ఆకుపచ్చది. రాశాను, మార్కు వచ్చింది. మిమ్మల్ని ఏ పుస్తకం నుంచి కత్తిరించారో చాలాకాలం వెతికాను, దొరకలేదు. కాబట్టి ఈ ఉత్తరం అందగానే ఒక చిన్న సాయం చేయండి. ఆ పిలిచింది ఎవరు? ఆ అమ్మాయి ఒడ్డు చేరిందా? తిరుగు టపాలో ఒక్క వాక్యం రాయండి. ఆప్షన్లు వద్దు.

ఇట్లు,
మార్జిన్‌లో పువ్వులు గీసినవాడు