పది మార్కుల స్థితిస్థాపకత

వేసవి సెలవులకు ముందురోజు మా అమ్మాయి బడి నుంచి వాట్సాప్‌లో ఒక సర్క్యులర్ వచ్చింది. ఏడో తరగతి పిల్లలందరూ సెలవుల్లో కుటుంబంతో కలిసి ఒక యాత్ర చేయాలి. చేసి వచ్చాక, "యాత్ర ద్వారా మా కుటుంబంలో పెరిగిన స్థితిస్థాపకత, అనుబంధం" అనే అంశం మీద పదిహేను పేజీల ప్రాజెక్టు రాయాలి. ఫొటోలు అంటించాలి. పది మార్కులు.

అనుబంధం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ స్థితిస్థాపకత ఏమిటండీ? ఎవరో రెజిలియెన్స్ అన్నారు, ఇంకెవరో నిఘంటువు తెరిచారు, కళ్లకు ముందు ఆనినదాన్ని దించేశారు. మనకు ఓపిక ఉంది, ఓర్పు ఉంది, నిబ్బరం ఉంది, గుండెదిటవు ఉంది. ఇన్ని పెట్టుకుని అవేవీ పది మార్కులకు తూగలేదు. నేను ఈ మాట ఆఖరుసారి విన్నది ఫిజిక్సు క్లాసులో. స్ప్రింగును లాగి వదిలితే మళ్లీ యథాస్థితికి వస్తుందే, ఆ గుణం పేరు. 1678లో రాబర్ట్ హుక్ దీని మీద సూత్రమే ప్రకటించాడు: ఎంత బలంతో లాగితే అంత సాగుతుంది. పాపం ఆయన స్ప్రింగులతో సరిపెట్టుకున్నాడు గానీ, పద్నాలుగు మంది బంధువుల్ని ఒకే బండిలో కూరి హైదరాబాద్ నుంచి అరకు దాకా లాగి చూడలేదు.

ఆ లోటు మా బావగారు తీర్చారు. ఆయన ఒక పెద్ద కంపెనీలో హెచ్చార్. అంటే, ఉద్యోగాల్లోంచి తీసేసే ముందు మనుషులచేత చప్పట్లు కొట్టిస్తూ ఆటలాడించే శాఖ. సర్క్యులర్ చదివి ఆయన కళ్లు చెమర్చాయి. "ఏమోయ్, ఇన్నాళ్లకు మన విద్యావ్యవస్థ కళ్లు తెరిచింది" అన్నారు. ఆ సాయంత్రానికే 'అరకు అనుబంధం' అని ఒక గ్రూపు పుట్టింది. అందులో ఉన్నవాళ్లందరం ఒకే కాలనీలో మూడు వీధుల తేడాతో ఉంటాం. పండగలకు తప్ప మొహాలు చూసుకోం. అనుబంధం కోసం ఏడొందల కిలోమీటర్లు పోక తప్పదు మరి.

రైల్లో వెళ్దామని నేనన్నాను. విశాఖ నుంచి అరకు రైలుదారిలో సొరంగాలున్నాయి, 2017 నుంచి అద్దాల పెట్టె కూడా వేశారు, పిల్లలు సంబరపడతారని నా ఆశ. కానీ రైల్వేవారి దృష్టిలో ఒక టికెట్‌కి ఆరుగురే మనుషులు. తత్కాల్ అయితే నలుగురే. పద్నాలుగు మంది అంటే మూడు టికెట్లు, మూడు పెట్టెలు, మూడు ముక్కలైన అనుబంధం. పైగా 60 రోజుల ముందే ప్రేమ పుట్టి ఉండాలి. ఆదాయపు పన్ను శాఖవారు ఇంకా నయం, నాలుగేళ్ల బ్లాకులో రెండుసార్లు కుటుంబంతో తిరిగొస్తే మినహాయింపు ఇస్తారు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఆ రెండూ లేవు. బావగారు కొత్త విధానంలో ఉన్నారు. ఆయన ప్రేమ నిస్వార్థం.

కాబట్టి టెంపో ట్రావెలర్. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాలని తీర్మానం. అయిదింటికి మగవాళ్లం బయల్దేరాం. ఆడవాళ్లు ఒంటిగంటకే బయల్దేరారు, వంటింట్లోకి. మా అమ్మ, మా అక్క, మా ఆవిడ అయిదు కిలోల స్టీలు డబ్బా నిండా పులిహోర కలిపి, పెరుగన్నం వేరే గిన్నెలో సర్ది, వాంతులకు నిమ్మకాయలు, ప్లాస్టిక్ కవర్లు పెట్టుకుని, బండెక్కగానే నిద్రపోయారు. "యాత్రలో ప్రకృతిని ఆస్వాదించాలమ్మా" అని బావగారు వాళ్లను లేపి మరీ సూర్యోదయం చూపించారు.

సూర్యాపేటలో టిఫిన్లు, విజయవాడ దాటాక పులిహోర. ఇంతవరకూ స్ప్రింగు బాగానే ఉంది.

రాజమండ్రి దాటాక బావగారు లేచి నిలబడ్డారు. టాపుకు తల తగిలింది, కూర్చుని చెప్పారు. ఇప్పుడొక గంటసేపు 'మౌన ఫోన్ వ్రతం'. అందరి ఫోన్లూ తీసుకుని ఖాళీ అయిన పులిహోర డబ్బాలో వేస్తారు, మూత పెడతారు. ఆ గంటా మనసు విప్పి మాట్లాడుకోవాలి. వాళ్ల ఆఫీసులో చేశారట, అద్భుతమైన ఫలితం వచ్చిందట. (ఆ ఫలితంలో సగంమంది ఇప్పుడు వేరే కంపెనీల్లో ఉన్నారని మా అక్క నా చెవిలో చెప్పింది.) డబ్బా కడగలేదని మా అమ్మ మొత్తుకుంటూనే ఉంది. ఒక్కొక్క ఫోనూ ఇంగువ నూనెలో మెల్లగా దిగింది. ముందు సీట్లో స్టాండుకు తగిలించి ఉన్న డ్రైవర్ ఫోను కూడా బావగారి కంట పడింది. "నువ్వు మాత్రం పరాయివాడివా తమ్ముడూ? మూడు రోజులు మా ఫ్యామిలీయే!" అని అదీ పీకి డబ్బాలో వేశారు. దాంతోపాటే దారి చూపించే మ్యాపు కూడా పోయింది.

మూతపడ్డాక బండిలో ఎలాంటి నిశ్శబ్దం ఆవరించిందంటే, ఆపరేషన్ థియేటర్ బయట కూడా అంత ఉండదు. పద్నాలుగు మందిమి డబ్బా వైపే చూస్తున్నాం. బావగారు చీటీలు తీశారు. మొదటి చీటీ మా అమ్మకు: "ఈ కుటుంబంలో మీరు ఎవరికి కృతజ్ఞులు, ఎందుకు?" అమ్మ చాలాసేపు ఆలోచించి, "ఆ కిటికీ ఎవరు మూస్తే వాళ్లకి" అంది. రెండో చీటీ పిన్నికి: "మీరు క్షమించిన ఒక సంఘటన చెప్పండి." పిన్ని 2011లో వాళ్ల పెద్దాడి పెళ్లికి మావాళ్లు పెట్టిన చీర సంగతి ఎత్తుకుంది. తాను క్షమించేశానంది. చీర రంగు, అంచు వెడల్పు, కొన్న కొట్టు, బేరమాడి తగ్గించుకున్న మొత్తం, అన్నీ చెప్పి మరీ క్షమించేశానంది. ఆ చీర కొన్నది మా అక్క. తుని పొలిమేర దాకా రావాల్సిన గొడవ పెద్దాపురం దగ్గరే ముదిరింది. బావగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు: "చూశారా, మాట్లాడుకుంటున్నాం!"

ఇంతలో డబ్బా మోగింది. స్టీలు డబ్బాలో ఫోను మోగితే గుడిగంట, కుక్కర్ విజిల్, వైబ్రేటర్ కలిసి మోగినట్టుంటుంది. గాయత్రీ మంత్రం. అది బాబాయిది. ఎల్ఐసీ ఏజెంటు అయి ఉంటాడని ఆయనే జోస్యం చెప్పి, కాకపోతే ఎలా అని ఆయనే చెమటలు కక్కారు. తర్వాత పిన్నిది, చీటీపాట ఆవిడ. తర్వాత నాది. మోగిన ప్రతిసారీ ఒకరి చేయి సర్రున లేవడం, బావగారు "ఊఁహూఁ" అనడం. చివరికి ఇదీ ఆటే అయిపోయింది, మోత విని ఎవరిదో చెప్పాలి.

అప్పుడొక మోత వచ్చింది, ఎవరూ గుర్తుపట్టలేదు. ఆగింది. మళ్లీ మోగింది. నాదా, నీదా అని నవ్వులు. మూడోసారి మోగింది. "సార్, నాది అనుకుంటానండి. ఇంటికాణ్ణుంచి" అన్నాడు డ్రైవర్, అద్దంలోంచి చూస్తూ. బావగారు వాచీ చూసుకున్నారు. "ఇంకా పది నిమిషాలే తమ్ముడూ. రూలంటే రూలే." 

"సరే సార్" అన్నాడు.

అన్నవరంలో ఆపాం. మేం విస్తరాకు పొట్లాల్లో ప్రసాదం తింటుంటే అతను బండి వెనక్కి వెళ్లి, చొక్కా అంచుతో ఫోను మీది పసుపు నూనె తుడుచుకుని మాట్లాడాడు. వచ్చాక మా అమ్మ అడిగింది. "ఏం లేదమ్మా, పాపకి జ్వరం. ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను" అని తాళం తిప్పాడు.

మార్కుల కోసం వెళ్లినవాణ్ని, ఇక్కడొక లెక్క చేశాను. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలే పని, దూరప్రయాణాల్లో మహా అయితే 10. ఒక బండి పెట్టుకుని బతికే ఇలాంటివాళ్లకు ఆ చట్టం వర్తించేది కాదని వాదించేవాళ్లు ఉంటారు. వాళ్ల నిద్రకైతే వర్తించాలిగా! తెల్లవారుజాము అయిదింటికి స్టీరింగ్ పట్టుకున్న మనిషి, అనకాపల్లిలో రాత్రి తొమ్మిదింటికి "ఇక్కడ ఆగుదాం సార్, ఘాట్ పొద్దున ఎక్కుదాం" అని అడిగాడు. అరకులో గదులకు డబ్బు కట్టేశాం, ఒక రాత్రి అద్దె దండగ అని బావగారు. "నెమ్మదిగానే పోనీ, తొందరేం లేదు" అని పెద్ద మనసుతో బాబాయి. శృంగవరపుకోట దాటి, చీకట్లో, ఆ మలుపుల్లో, పదహారు గంటలు నడిపిన మనిషి చేతుల్లో మా పిల్లల్ని పెట్టి మేం వెనక గురకలు పెట్టాం. ఇలాంటి బళ్లు లోయలో పడితే మర్నాడు పేపర్లో ఒకే వాక్యం ఉంటుంది, 'డ్రైవర్ నిద్రమత్తే కారణం' అని. ఆ మత్తు ఎక్కించినవాళ్ల పేర్లు ఎప్పుడైనా అచ్చయ్యాయా? అద్దె మిగుల్చుకున్న పెద్దమనిషి పేరు ఏ ఎఫ్ఐఆర్‌లో ఉంది?

అర్ధరాత్రి రిసార్టులో నాలుగు గదుల తాళాలు ఇచ్చారు. "డ్రైవర్‌కండీ?" అని కౌంటర్ కుర్రాడే అడిగాడు. "వాళ్లు బండిలోనే పడుకుంటారు బాబూ. అలవాటే" అన్నారు బావగారు.

అలవాటే. ఎవరు చేశారయ్యా అలవాటు? తల్లి కడుపులోంచే సీటు వెనక్కి వాల్చుకుని పుట్టాడా? మధ్యాహ్నం మా ఫ్యామిలీ అయినవాడు, బిడ్డకు ఒళ్లు కాలిపోతున్నా మా రూలుకు కట్టుబడ్డవాడు, రాత్రి ఒక మంచం దగ్గరికొచ్చేసరికి 'వాళ్లు' అయిపోయాడు. హుక్ సూత్రానికి రెండో సగం ఉంది, అది సర్క్యులర్‌లో రాయరు. ఒక హద్దు దాటి లాగితే స్ప్రింగు వెనక్కి రాదు, సాగి అలాగే ఉండిపోతుంది. ఇంకా లాగితే తెగుతుంది. ఆ కౌంటర్ దగ్గర నేనూ ఉన్నాను. ఏమీ అనలేదు. నా గది తాళం నా చేతిలో ఉంది.

తర్వాతి రెండు రోజులూ ఏం జరిగిందో ప్రాజెక్టులో వివరంగా ఉంది. బొర్రా గుహల్లో అందరూ శివపార్వతుల్ని, ఋషి గడ్డాన్ని చూశారు. బావగారికి ఒక రాతిలో వాళ్ల మేనేజరు కనిపించాడు. బొంగులో చికెన్ తిన్నాం. గ్రూపు ఫొటోలు నలభై రెండు. వాటిలో అందరూ ఉన్నారు. తీసినవాడు లేడు.

దిగేటప్పుడు లెక్క తేల్చారు. డ్రైవర్ బత్తా దగ్గర బావగారు ఒక రాత్రిది కొట్టేశారు, "రెండో రాత్రి పూర్తిగా పడుకున్నాడుగా" అని. నేను వెనక్కి వెళ్లి ఒక అయిదువందల నోటు అతని చేతిలో పెట్టి, అదేదో పెద్ద పాపపరిహారమైనట్టు ఇంటికొచ్చాను. పాపకు ఎలా ఉందని ఫోన్ చేసి అడుగుదామని వెతికితే, అతని పేరు నాకు తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. నా ఫోన్లో 'టెంపో అరకు' అని ఉంది. బావగారి ఫోన్లోనూ అంతే.

ప్రాజెక్టుకు పదికి తొమ్మిది వచ్చాయి. అట్ట మీద నూనె మరక ఉన్నందుకు ఒకటి కోత.

నిన్న 'అరకు అనుబంధం' గ్రూపు పేరు 'ఊటీ అనుబంధం' అయింది. దసరాకి. బావగారి మెసేజ్: "డ్రైవర్‌గా మళ్లీ ఆ అబ్బాయినే పిలుద్దాం. మంచి ఓపికమంతుడు." కింద వరసగా బొటనవేళ్లు. పదకొండోది నాది.