కుర్చీ కాళ్ళ దేనారం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తిబేరియస్ వెండి దేనారం గారి (అనగా రోమన్ చక్రవర్తి తిబేరియస్ తల ఉన్న పాత వెండి నాణెం గారి) దివ్యసముఖానికి,
జన్మస్థలం: లుగ్దునుం టంకశాల, అనగా నేటి ఫ్రాన్స్‌లోని లియోన్ నగరం.

ఉభయకుశలోపరి. తమరి కుశలం గురించి మేం అడగక్కర్లేదు. ఎండ తగలని సొరుగులో, మెత్తటి గుడ్డ మీద, తేమ చేరకుండా పొట్లాలు పెట్టించుకుని మరీ పడుకుని ఉంటారు. కుశలం లోపించింది మా వైపే. తమరి కోసం అప్పు చేసినవాళ్ళం, ఇంట్లో ధర సగానికి తగ్గించి చెప్పినవాళ్ళం, వేలంలో పక్కవాడి చెయ్యి లేస్తే గుండె జారినవాళ్ళం, పాత నాణేలు సేకరించే మేమందరం కలిసి ఈ లేఖ రాసుకుంటున్నాం.

తమరి బయోడేటా ఒకసారి తిరగేశాం. క్రీ.పూ. 43లో రోమన్లు లుగ్దునుం ఊరు కట్టారు. క్రీ.పూ. 15 ప్రాంతంలో తిబేరియస్‌కు ముందటి చక్రవర్తి ఆగస్టస్ అక్కడ టంకశాల పెట్టించి బంగారం, వెండి కొట్టించాడు. రైన్ నది సరిహద్దులో కాపలా కాసే సైన్యాలకు జీతాలు ఇవ్వాలిగా. టంకశాలకు కాపలాగా ఒక పటాలాన్నే పెట్టారు. అంత భద్రత మధ్య పుట్టిన తమరు ఎంత కళాఖండంగా ఉండాలి? తీరా చూస్తే ఒకవైపు రాజుగారి తల, రెండోవైపు కుర్చీలో కూర్చున్న ఒక ఆడమనిషి. ఆవిడ చేతుల్లో రాజదండం, ఆలివ్ కొమ్మ. రాజుగారి తల్లి లివియా అని కొందరు, కాదు శాంతిదేవత అని కొందరు. ఎవరైతేనేం, ఆవిడ లేచింది లేదు. క్రీ.శ. 14 నుంచి 37 దాకా తిబేరియస్ పాలించాడు. తొలి రోజుల్లో వచ్చిన ఒకటి రెండు రకాలు పక్కన పెడితే, ఆ 23 ఏళ్ళూ తమరిది అదే తల, అదే కుర్చీ. రాజుగారు క్రీ.శ. 26లో రోమ్‌ను వదిలేసి కాప్రి దీవిలో మకాం పెట్టినా లియోన్‌లో అచ్చు మార్చిన పాపాన పోలేదు. పైవాడు ఊళ్ళో లేకపోతే ఆఫీసు ఎలా నడుస్తుందో తమరి మొహం చూస్తేనే తెలుస్తుంది.

మార్పు లేనిచోట మార్పు కనిపెట్టడమే మా వృత్తి. ఆ కుర్చీ కాళ్ళు సాదావా, నగిషీ చెక్కినవా? కుర్చీ కింద గీత ఒకటా, రెండా? ఆవిడ పాదాల కింద పీట ఉందా? చేతిలో ఉన్నది దండమా, తలకిందులుగా పట్టిన ఈటెనా? వీటిని బట్టి తమరిని వరసలుగా విడగొట్టి, ఏ వరస ముందొచ్చిందో, ఏది వెనకొచ్చిందో పండితులు తేల్చారు. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కుర్చీ కాలు ఊగుతోందని భార్య ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోని పెద్దమనిషి, తమరి కుర్చీ కాలి మీద రెండు పూసలున్నాయా మూడున్నాయా అని లెన్సు పెట్టుకుని అర్ధరాత్రి దాకా చూస్తాడు. మూడుంటే ఇంకొకటి కొంటాడు.

ఇక తమరి ధర సంగతి. తమరు అరుదు కాదు, బోలెడన్ని దొరుకుతారు. అంతకంటే అరుదైన నాణేలు తమరి కన్నా చవగ్గా అమ్ముడవుతున్నాయి. తమరికి ఈ గిరాకీ తెచ్చింది బైబిలు. పన్ను కట్టాలా వద్దా అని అడిగినవాళ్ళతో యేసు ఒక దేనారం తెమ్మని, దాని మీద ఉన్న బొమ్మ ఎవరిదని అడిగాడు. కైసరుది, అంటే రోమన్ చక్రవర్తిది అన్నారు. అయితే కైసరుది కైసరుకే ఇవ్వండన్నాడు. ఆ నాణెం తమరేనని ఎక్కడా రాసి లేదు. అది ఆగస్టస్ నాణెమూ కావచ్చు. పైగా ఆ రోజుల్లో తమరు యూదయలో అంత విరివిగా చలామణి అయ్యారా అన్నది ఇప్పటికీ తెగని తగువు. అయినా అమ్మేవాళ్ళు తమరికి ‘ట్రిబ్యూట్ పెన్నీ’ (పన్ను నాణెం) అని పేరు పెట్టి, చిన్న చెక్కపెట్టెలో పడుకోబెట్టి, పక్కన ఒక వాక్యం ముద్రించిన కార్డు పెట్టి రేటు పెంచేశారు. కైసరుది కైసరుకు వెళ్ళిందో లేదో గానీ, మాది మాత్రం వేలం కంపెనీకి వెళ్ళింది. పాట ధర మీద కమిషను, కమిషను మీద పన్ను, దాని మీద పోస్టు ఖర్చు, ఇక్కడ దిగాక కస్టమ్స్. పన్ను గురించిన కథకు ఇన్ని పన్నులు కట్టినవాళ్ళం మేమే అయ్యుంటాం.

తమరు మా నల్గొండ జిల్లాలో కాపురమున్న సంగతి ఆ కార్డు మీద ఉండదు. అక్కెనపల్లిలో బయటపడిన నిధిలో ఆగస్టస్, తిబేరియస్ వెండి నాణేలే 1531. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండిలో ఎక్కువ భాగం తమరూ, తమరి అన్నగారూనూ. అన్నగారంటే అదే, ఆగస్టస్ మనవళ్ళు గాయస్, లూసియస్ అనే ఇద్దరు కుర్రాళ్ళు డాళ్ళూ ఈటెలతో నిలబడి ఉండే ఆగస్టస్ దేనారం. అదీ లియోన్ సరుకే. క్రీ.శ. 22లో తిబేరియస్ సెనేటుకు ఉత్తరం రాస్తూ, ఆడవాళ్ళ రత్నాల మోజు వల్ల మన డబ్బంతా పరాయి దేశాలకు, శత్రువుల చేతికి పోతోందని వాపోయాడు. ఆయన ఏడుస్తూనే ఉన్నాడు, ఆయన మొహంతోనే తమరు ఓడెక్కుతూనే ఉన్నారు. ఏటా అయిదు కోట్ల సెస్టెర్సులు (రోమన్ చిల్లర నాణేలు) ఇండియా లాగేస్తోందని ఆ తర్వాత రోమన్ రచయిత ప్లినీ కూడా లెక్క చెప్పాడు. మిరియాలు, రత్నాలు ఇచ్చి మావాళ్ళు తమరిని కుండల్లో పోశారు. కొన్నిచోట్ల రోమన్ బంగారు నాణేల మీద చక్రవర్తి మొహానికి అడ్డంగా ఉలితో గీటు కూడా పెట్టారు. ఎందుకు పెట్టారన్నది పండితులకు ఒకమాట మీద తేలలేదు. ఇప్పుడు ఆ గీటు కనబడితే చాలు, కొనేవాడు ధర తగ్గించమంటాడు. అంత బంగారం చేతిలో పెట్టుకుని చక్రవర్తి చెంప చెళ్ళుమనిపించిన మనిషిది కదా అసలు కథ! దానికి ఇంకో రెండొందలు ఎక్కువివ్వాలని నా అభిప్రాయం.

తమరు మార్కెట్లోకి ఎలా వచ్చారని అడిగితే ఏ అమ్మకందారుడిదైనా ఒకటే జవాబు. పాత కుటుంబ సేకరణ, తాతగారి అల్మారా. ఫ్రాన్స్‌లో 1989 నుంచి పురావస్తువుల కోసం మెటల్ డిటెక్టర్ పట్టుకుని నేల వెతకాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. అప్పటినుంచీ పొలాల్లో నాణేలు దొరకడం మానేసి, తాతగార్ల అల్మారాల్లోనే దొరుకుతున్నాయి. కొన్నింటికి మట్టి ఇంకా ఆరలేదు, పాపం తాతగారు శుభ్రత లేని మనిషి అనుకోవాలి. మన దగ్గరా 1878 నాటి నిధుల చట్టం ఉంది. నేలలో దొరికింది పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. ఎంతమంది చెప్పారో కంసాలి కుంపటికి తెలియాలి. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువును సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. అంటే తమరు మా ఇంటికొస్తే అత్తారింటికొచ్చిన కోడలి లెక్కే, తిరుగు టపా లేదు.

పోనీ తమరు అసలైనవారేనా? ఈ ప్రశ్నకు నొచ్చుకోకండి. తమరి కాలంలోనే లోపల రాగి పెట్టి పైన వెండి తొడుగు వేసిన దొంగ దేనారాలు బోలెడు నడిచాయి. విచిత్రమేమిటంటే, ఆ రోజుల్లో పట్టుబడితే ప్రాణం మీదకొచ్చే ఆ దొంగ సరుకును ఈరోజు ‘ప్రాచీన నకిలీ’ అని గౌరవంగా అమ్ముతున్నారు. నిరుడు పోతపోసింది మాత్రం మోసం. నేరం బాగా పాతబడితే పరిశోధనాంశమైపోతుంది.

ఫ్రాన్స్‌లోనే ఉన్న నీమ్ నగరపు పాత రోమన్ నాణేన్ని చూసైనా తమరికి సిగ్గేయాలి. ఒక మామూలు కంచు నాణెం. ఒకవైపు వీపు వీపు ఆనించుకున్న సేనాని అగ్రిప్ప, ఆగస్టస్. రెండోవైపు ఈజిప్టును జయించిన గుర్తుగా తాటిచెట్టుకు గొలుసుతో కట్టేసిన మొసలి! చిల్లర లేకపోతే దాన్ని మధ్యకు నరికి సగం నాణెంగా వాడుకున్నారు. ఇప్పుడు ఆ సగానికీ గిరాకీ ఉంది. నీమ్ నగర చిహ్నంలో ఆ మొసలి ఇప్పటికీ అలాగే కట్టేసి ఉంది. వాళ్ళకు మొసలి ఉంది. తమరికేముంది? కుర్చీ.

వచ్చే వేలంలో తమరు మళ్ళీ పాటకొస్తున్నారని కేటలాగులో చూశాం. చూపుకు బాగానే ఉన్నారు, అంచు మాత్రం ఒకపక్క కాస్త తెగింది. తాతగారి అల్మారా ప్రస్తావన యథావిధిగా ఉంది. మేం పాడతాం. పక్కవాడు కూడా పాడతాడు, వాడికి నగిషీ కాళ్ళ రకం ఒక్కటే తక్కువని మాకు ముందే తెలుసు.

ఇట్లు,
తమరి అప్పులవాళ్ళు

తా.క.: ఫోటోలో కుర్చీ కింద గీత ఒకటో రెండో తెలియడం లేదు. వెలుతురు పక్కనుంచి పడేలా వెనకవైపు ఇంకో ఫోటో తీసి పంపమని అమ్మేవాడికి చెప్పగలరు. శనివారం లోపల అయితే మంచిది.