ఆఫ్రికా మాస్కు మట్టిది కాదు, మట్టి మాస్కు ఓవెన్‌లో కాలదు

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఊరేగుతుంది. ఈ ఏడాది నాకే ఐదుగురు పంపారు. అందులో ఉన్నది ఇది: "ఆఫ్రికా ఆటవికులు దుష్టశక్తులను తరమడానికి వేల ఏళ్లుగా మట్టితో భయంకరమైన మాస్కులు చేసుకుంటున్నారు. వాటిలో ఎరుపు రక్తానికి, తెలుపు చావుకు, నలుపు చేతబడికి గుర్తు. మీ పిల్లలతో గంటలో చేయించండి. మట్టితో ముఖం చేసి, ఓవెన్‌లో కాల్చి, రంగులు పూసి, దారంతో ముఖానికి కట్టండి." పిల్లలకు మట్టిపని నేర్పడం నా వ్యాపకం. పిల్లలు మాస్కులు చేయాలనే నేనూ కోరుకుంటాను. అందుకే ఈ సందేశాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోయాను.

ముందు "మట్టితో" అన్న మాట. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలలో నృత్యానికి కట్టే మాస్కుల్లో ఎక్కువ భాగం చెక్కవి. నార, గుడ్డ, గవ్వలు, పూసలతో చేసినవీ ఉన్నాయి. మాలి పరిసరాల్లోని మాండే సమాజాలలో కొయ్యను చెక్కేది కమ్మరులు, కుండలు చేసేది ఆ కమ్మరి ఇళ్ల ఆడవాళ్లు. మన ఊళ్లలో సారె తిప్పేది మగవాడైతే, అక్కడ సారె లేకుండా చేత్తోనే కుండను పైకి లేపేది ఆమె. ఆఫ్రికా మట్టి గొప్పతనం చూపాలంటే మాస్కుల కంటే తలలు చూపాలి. నైజీరియాలో నోక్ ఊరి దగ్గర తగరం గనుల్లో 1928లో బయటపడ్డ కాల్చిన మట్టి బొమ్మలు రెండు వేల ఏళ్లకు పైబడినవి. దక్షిణాఫ్రికాలోని లైడెన్‌బర్గ్ దగ్గర దొరికిన ఏడు మట్టి తలలు సుమారు క్రీ.శ. 500 నాటివి. వాటి తొలి ముక్కలను 1950లలో గుర్తించినవాడు ఒక బడిపిల్లవాడు. ఏడింటిలో రెండు తలకు తొడుక్కునేంత పెద్దవి కనుక వాటిని మాస్కులుగా వాడి ఉండవచ్చని ఊహిస్తున్నారు. సందేశం రాసినాయనకు అనుకూలంగా నాకు దొరికిన సాక్ష్యం ఇంతే.

కాబట్టి పిల్లలకు ఉన్నమాట చెప్పండి: "వాళ్లు చెక్కతో చేస్తారు. మన చేతుల్లో ఇంకా ఉలి పెట్టకూడదు కనుక మనం మట్టితో చేస్తున్నాం." ఆరేళ్ల పిల్లకైనా ఇది అర్థమవుతుంది.

"ఆఫ్రికా ఆటవికులు" అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. యాభై నాలుగు దేశాల ఖండాన్ని ఒకే అడవిగా చూసే కళ్లకు చికిత్స వేరే ఉంది. జర్మన్ యాత్రికుడు ఫ్రొబేనియస్ 1910లో నైజీరియాలోని ఇఫే నగరంలో కాల్చిన మట్టి తలలను చూశాడు. ఇంత సొగసైన పని ఇక్కడివాళ్లు చేసి ఉండరని, సముద్రంలో మునిగిపోయిందని కథలు చెప్పే అట్లాంటిస్ వాళ్లు వదిలివెళ్లి ఉంటారని తేల్చాడు. ఆ తలలు చేసింది ఇఫే వాళ్లే. నూరేళ్లు దాటినా అదే చూపు ఇప్పుడు మన ఫోన్లలో తిరుగుతోంది.

ఇక "దుష్టశక్తులను తరమడానికి, భయంకరమైన" అన్నచోట కాసేపు ఆగాలి. పిల్లలకు చెప్పదగ్గ కథలన్నీ ఇక్కడే ఉన్నాయి, సందేశం వాటినే మింగేసింది. లైబీరియా, ఐవరీ కోస్ట్‌లలో ఉండే డాన్ ప్రజలనే తీసుకుందాం. వాళ్ల దగ్గర ఒక్కో మాస్కుకు ఒక్కో ఉద్యోగం. ఎండాకాలంలో గాలి లేస్తే ఒక్క నిప్పురవ్వకు ఊరంతా తగలబడుతుంది. అందుకని గుండ్రటి కళ్ల మాస్కు ఒకటి ఇళ్ల వెంట తిరుగుతూ, పొయ్యిలు ఆర్పారా లేదా అని చూస్తుంది. ఆర్పనివాళ్లకు చీవాట్లు తప్పవు. ఇంకొకటి పరుగుపందెం మాస్కు. దాన్ని పెట్టుకున్నవాడు ముందు పరిగెడతాడు, మాస్కు లేనివాడు వెంటపడతాడు. దొరికిపోతే మాస్కు చేతులు మారుతుంది. పరిగెత్తేవాడికి దారి కనపడాలి కనుక దాని కళ్లూ పెద్ద గుండ్రటి రంధ్రాలే. వీటికి పూర్తిగా భిన్నమైనది సన్నగా అరమోడ్చిన కళ్ల మాస్కు. ఊరికి దూరంగా దీక్షలో ఉన్న కుర్రవాళ్ల కోసం ఆడవాళ్లను బతిమాలి అన్నం అడిగి తెచ్చే సౌమ్యురాలు ఆమె. పనిని బట్టి కన్ను. ఈ ఒక్క సంగతి చెబితే చాలు, తన మాస్కుకు ఎలాంటి కళ్లు పెట్టాలో పిల్ల తనే ఆలోచించుకుంటుంది.

అసలు మాస్కు అంటే ముఖం ఒక్కటే కాదు. దుస్తులు, డప్పు, నడక, పాట, చుట్టూ జనం అన్నీ కలిస్తేనే అది బతుకుతుంది. పగటి వేషగాడి గడ్డాన్ని మేకుకు తగిలించి ఇదే పగటివేషం అంటే మనం ఒప్పుకుంటామా?

"వేల ఏళ్లుగా" అంటే ఏ మార్పూ లేకుండా అనే ధ్వని ఉంది. నైజీరియా, బెనిన్‌లలోని యోరుబాలు తల్లుల శక్తిని కొలుస్తూ ఆడే గెలెడె మాస్కుల నెత్తి మీద మోటారు సైకిళ్లను, విమానాలను కూడా చెక్కారు. ఈ గెలెడె యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది.

రంగుల పట్టిక మరీ అన్యాయం. తెలుపు మాటలో కాస్త నిజముంది. గబాన్‌లోని పును ప్రజల మాస్కులకు పూసే తెల్ల సుద్దమట్టి గతించినవారి లోకాన్ని గుర్తు చేస్తుంది. కానీ ఆ మాస్కు ఒక అందమైన స్త్రీ ముఖం కూడా. మాస్కులో మట్టి ఎక్కడుందని అడిగితే ఇదిగో, రంగుగా ఉంది! నలుపు సంగతికి వస్తే, సియెర్రా లియోన్‌లోని మెండే ప్రజల మాస్కు నిగనిగలాడే నలుపు. అది ఆడపిల్లలను పెద్దవాళ్లను చేసే స్త్రీల సంఘానిది. మాస్కు కట్టడం చాలాచోట్ల మగవాళ్ల హక్కయితే, ఇక్కడ కట్టేదీ ఆడేదీ స్త్రీలే. ఆ మెరిసే నలుపు వాళ్లకు ఆరోగ్యం, అందం. తెల్లబరిచే క్రీములు అమ్ముడుపోయే మన ఊళ్లలో పిల్లలకు ఈ ముక్క రెండుసార్లు చెప్పినా తప్పులేదు.

చివరిది, నాకు ఎక్కువ కోపం తెప్పించినది: "గంటలో, ఓవెన్‌లో". పచ్చి మట్టిని వేడిలో పెడితే లోపలి నీరు ఆవిరై, బయటికి దారిలేక ముక్కను పగలగొడుతుంది. పూర్తిగా ఆరినదాన్ని పెట్టినా, మట్టి పెంకుగా మారడానికి సుమారు 600 డిగ్రీలు దాటాలి. ఇంటి ఓవెన్ 250 దగ్గరే ఆగిపోతుంది. ఆ పని కుమ్మరి ఆవానిది. ఇంట్లో చేసేది ఎండిన మట్టి మాస్కే అని ముందే ఒప్పుకోండి. నీళ్లలో వేస్తే మళ్లీ మట్టవుతుందని చెబితే పిల్లలకు అదీ ఒక సరదా.

నేను చేయించేది ఇలా. వినాయకుడికి వాడే బంకమట్టినే చిటికెన వేలి మందానికి మించకుండా చపాతీలా ఒత్తి, నలిపిన వార్తాపత్రికల ఉండ మీద పరుస్తాం. ఆరేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది. కింద గట్టి గిన్నె ఉంటే పగులుతుంది, కాగితమైతే సర్దుకుంటుంది. ముక్కు, చెవులు ఊరికే అంటిస్తే రెండోనాటికి రాలిపోతాయి. అతికే చోట రెండు వైపులా గీతలు గీసి, పెరుగులా కలిపిన మట్టి పూసి నొక్కాలి. దారానికి రంధ్రాలు పచ్చిగా ఉన్నప్పుడే పెట్టాలి. పైన పల్చటి గుడ్డ కప్పి నీడలో వారం ఆరనివ్వాలి. గరుకు కాగితంతో రుద్దవద్దు, ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఇంత బరువైన, పెళుసైన వస్తువును ముఖానికి అసలే కట్టవద్దు. గోడకు తగిలించండి.

ఎవరి పవిత్రమైన మాస్కునూ అచ్చుగుద్దించను. డాన్ కథ చెప్పి, "నీ మాస్కుకు ఉద్యోగం ఏమిటి?" అని అడుగుతాను. పోయినసారి ఒక ఏడేళ్ల పిల్ల రెండు గుండ్రటి కళ్లు, నోటి చోట పెద్ద రంధ్రం పెట్టింది. బయటికి వెళ్లేముందు గ్యాస్ కట్టేశారా అని అడిగే మాస్కట అది. నోరు అంత పెద్దది ఎందుకని అడిగాను. "నాన్నకు ఒకసారి చెబితే వినపడదు" అంది.